కంటికి కనిపించదు.. ఒంటికి తెలియదు.. కొలతే కాపలా!

వైద్యంలో రేడియేషన్: శరీరంలో ఏం చేస్తుంది? ఎలా లెక్కిస్తారు?

విశాఖపట్నం: చెయ్యి విరిగితే ఎక్స్‌రే. తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్. క్యాన్సర్ అని తేలితే వారాల తరబడి రేడియేషన్ చికిత్స. ఒకప్పుడు పెద్ద నగరాలకే పరిమితమైన ఈ యంత్రాలు నేడు పట్టణాల్లోనూ అందుబాటులోకి వచ్చాయి. వాటి ముందు నిలబడే రోగుల్లో రెండు రకాల వారు కనిపిస్తారు. రేడియేషన్ అనగానే బెదిరిపోయి అత్యవసరమైన చికిత్సను సైతం మధ్యలో మానేసేవారు ఒకరు. చిన్న తలనొప్పికే ‘ఎందుకైనా మంచిది, స్కాన్ రాయండి డాక్టరుగారూ’ అని పట్టుబట్టేవారు మరొకరు. ఇద్దరిదీ పొరపాటే. రేడియేషన్‌ను భయంతోనో, భరోసాతోనో అంచనా వేయలేం. దాన్ని కొలవాల్సిందే. ఆ కొలత ఏమిటి, దాన్ని ఎవరు ఎలా చేస్తారు, రోగి అడిగి తెలుసుకోవాల్సిన అంకె ఏది అన్న విషయాలపై ప్రత్యేక కథనం.

అర చెంచా టీ వేడితో సమానం

నిప్పు తాకితే చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఎండ మండితే నీడకు వెళ్తాం. రేడియేషన్ విషయంలో మన శరీరానికి అలాంటి హెచ్చరిక వ్యవస్థ లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి శరీరమంతటికీ ఒకేసారి 4 గ్రేల రేడియేషన్ సోకితే, సరైన వైద్యం అందని పక్షంలో బతికే అవకాశం దాదాపు సగం మాత్రమే. గ్రే అంటే కిలో బరువున్న పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహించడం. ఆ లెక్కన 70 కిలోల మనిషి శరీరంలోకి చేరిన మొత్తం శక్తి 280 జౌళ్లు. అర చెంచా వేడి టీ తాగితే ఒంట్లో చేరే వేడి కూడా దాదాపు ఇంతే! దాని వల్ల శరీర ఉష్ణోగ్రత డిగ్రీలో దాదాపు వెయ్యో వంతు మాత్రమే పెరుగుతుంది.

మరి ఇంత స్వల్ప శక్తి ప్రాణాంతకం ఎలా అవుతుంది? జవాబు ఆ శక్తి పరిమాణంలో లేదు, అది చేరే తీరులో ఉంది. టీ వేడి ఒంట్లోని అన్ని అణువులకూ సమానంగా పంపిణీ అవుతుంది. రేడియేషన్ తన శక్తినంతా సూదిమొనలా ఒక్కో చోట గుచ్చుతుంది.

ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తి

మన కంటికి కనిపించే వెలుగులోని ఒక్కో కాంతికణం శక్తి సుమారు 2 నుంచి 3 ఎలక్ట్రాన్ వోల్టులు. నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను విడదీయాలంటే 12 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావాలి. అందుకే మామూలు వెలుగు ఆ పని చేయలేదు. సెల్‌ఫోన్ తరంగాల కణశక్తి అంతకన్నా లక్షల రెట్లు తక్కువ. ఎక్స్‌రే గదిలో వెలువడే ఒక్కో కణానికి మాత్రం పదుల వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీయగల ఇలాంటి కిరణాలనే ‘అయనీకరణ వికిరణం’ అంటారు.

జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1895 నవంబరులో ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో హెన్రీ బెకరెల్ యురేనియం నుంచి వెలువడే కిరణాలను గుర్తించారు. 1898లో మేరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియంను వెలుగులోకి తెచ్చారు. ఆ తొలినాళ్లలో ఈ కిరణాలతో పనిచేసిన ఎందరో చేతివేళ్లు పోగొట్టుకున్నారు, క్యాన్సర్ బారిన పడ్డారు. వారికి ధైర్యం లేక కాదు, మోతాదును కొలిచే సాధనం లేక ఆ నష్టం జరిగింది.

శరీరంలో మూడు దారులు

ఎక్స్ కిరణం, గామా కిరణం శరీరంలో ప్రవేశించాక ప్రధానంగా మూడు విధాలుగా తన శక్తిని వదులుతాయి.

మొదటిది కాంతి విద్యుత్ ఫలితం. కిరణంలోని కణం పరమాణువును ఢీకొని పూర్తిగా అంతర్ధానమవుతుంది. దాని శక్తినంతా తీసుకొని ఒక ఎలక్ట్రాన్ బయటపడుతుంది. తక్కువ శక్తి గల కిరణాల్లో ఇదే ఎక్కువ. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఇది దాదాపు దాని ఘనం వంతున పెరుగుతుంది. ఎముకలోని కాల్షియం సంఖ్య 20, కండలో అధికంగా ఉండే ఆక్సిజన్ సంఖ్య 8. ఒకే బరువులో కాల్షియం సుమారు పదిహేను రెట్లు ఎక్కువగా కిరణాలను ఆపుతుంది. ఎక్స్‌రే ఫిల్ముపై ఎముక తెల్లగా, కండ బూడిద రంగులో కనిపించడానికి కారణం ఇదే. పేగుల పరీక్షలో తాగించే బేరియం, స్కాన్ ముందు ఎక్కించే అయోడిన్ మందు కూడా ఈ సూత్రంపైనే పనిచేస్తాయి.

రెండోది కాంప్టన్ పరిక్షేపణం. అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1923లో దీన్ని వివరించి, 1927లో నోబెల్ బహుమతి అందుకున్నారు. క్యారమ్స్ బల్లపై స్ట్రైకర్ తగిలి కాయిన్ ఒకవైపు, స్ట్రైకర్ మరోవైపు పోయినట్లు.. కిరణం కొంత శక్తిని ఎలక్ట్రాన్‌కు ఇచ్చి దారి మళ్లుతుంది. అలా దారి మళ్లిన కిరణాలు రోగి శరీరం నుంచి అన్ని దిక్కులకూ చెదురుతాయి. గదిలో నిలబడిన సిబ్బందికి, తోడు వచ్చినవారికి సోకే రేడియేషన్‌లో అధిక భాగం ఇదే. క్యాన్సర్ చికిత్సలో వాడే అధిక శక్తి కిరణాల్లోనూ ఇదే ప్రధానం. ఇక్కడ పరమాణు సంఖ్యతో పెద్దగా పని లేదు కనుక ఎముక, కండ అన్న తేడా లేకుండా మోతాదు ఇంచుమించు సమానంగా అందుతుంది.

మూడోది జంట ఉత్పత్తి. కిరణ శక్తి 10.22 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు దాటితేనే ఇది సాధ్యం. పరమాణు కేంద్రకం సమీపంలో కిరణం మాయమై ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ పుడతాయి. ఆ పాజిట్రాన్ మరో ఎలక్ట్రాన్‌తో కలిసి నశించినప్పుడు రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో వెలువడతాయి. పెట్ స్కాన్ యంత్రాలు పసిగట్టేది ఇలాంటి జంట కిరణాలనే.

తాడు తెగితేనే ముప్పు

కిరణం ఏ దారిలో వచ్చినా చివరకు పనిచేసేది వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రానే. అది జీవకణంలోని నీటిని ఛేదించి చురుకైన రసాయన శకలాలను పుట్టిస్తుంది. అవి వంశపారంపర్య సమాచారాన్ని మోసే డీఎన్‌ఏపై దాడి చేస్తాయి. కొన్నిసార్లు ఎలక్ట్రాన్ నేరుగా డీఎన్‌ఏనే తాకుతుంది. డీఎన్‌ఏ రెండు పేటల తాడు లాంటిది. ఒక పేట తెగితే రెండో పేట ఆధారంగా కణం దాన్ని సులువుగా అతికించుకుంటుంది. రెండు పేటలూ ఒకేచోట తెగితే మరమ్మతు కష్టం. ఒక గ్రే మోతాదుకు ఒక్కో కణంలో సుమారు వెయ్యి ఒంటిపేట తెగుళ్లు, కొన్ని పదుల జంటపేట తెగుళ్లు ఏర్పడతాయని అంచనా. మరమ్మతు కుదరని కణం చనిపోతుంది. తప్పుగా అతుక్కున్న కణం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

కొలతలకు మిరపకాయ లెక్క

రేడియేషన్ కొలతల్లో మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి. బెకరెల్, గ్రే, సీవర్ట్. వీటి మధ్య తేడా తెలియాలంటే మిరపకాయను గుర్తుచేసుకుంటే చాలు.

బుట్టలో ఎన్ని కాయలున్నాయన్నది బెకరెల్. రేడియోధార్మిక పదార్థంలో సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో ఇది చెబుతుంది. వాటిలో మనం ఎన్ని తిన్నామన్నది గ్రే. బుట్ట ఎంత పెద్దదైనా తినకపోతే మంట లేదు. ఎంత మంట పుట్టిందన్నది సీవర్ట్. గుంటూరు మిరప, బజ్జీ మిరప ఒకే తూకం తిన్నా మంట ఒకటి కాదు. అలాగే ఒకే గ్రే మోతాదుకు గామా కిరణాల కన్నా ఆల్ఫా కణాల హాని 20 రెట్లు ఎక్కువగా లెక్కిస్తారు. అదే కారం అరచేతికి అంటితే ఫర్వాలేదు, కంట్లో పడితే ఓర్వలేం. అవయవాన్ని బట్టి కూడా ముప్పు మారుతుంది. ఊపిరితిత్తులు, జీర్ణాశయం, ఎముక మజ్జ, రొమ్ములకు ఎక్కువ తూకం, చర్మానికి తక్కువ తూకం వేసి మొత్తం సీవర్ట్‌లను లెక్కగడతారు.

సీవర్ట్ చాలా పెద్ద ప్రమాణం. వైద్య పరీక్షల్లో దానిలో వెయ్యో వంతైన మిల్లీసీవర్ట్‌నే వాడతారు. పాత పరికరాలపై రాడ్, రెమ్ అని కనిపిస్తే 100 రాడ్‌లు ఒక గ్రే, 100 రెమ్‌లు ఒక సీవర్ట్ అని గుర్తుంచుకోవాలి.

ఏ పరీక్షకు ఎంత?

ఒక్కో పరీక్షలో పెద్దవారికి సోకే మోతాదు సుమారుగా ఇలా ఉంటుంది. యంత్రాన్ని, రోగి బరువును బట్టి ఇది మారుతుంది.

* పంటి ఎక్స్‌రే: 0.005 నుంచి 0.01 మిల్లీసీవర్ట్
* ఛాతీ ఎక్స్‌రే: 0.02 నుంచి 0.1
* మామోగ్రామ్: 0.4
* తల సీటీ స్కాన్: 2
* ఛాతీ సీటీ స్కాన్: 5 నుంచి 7
* పొట్ట సీటీ స్కాన్: 8 నుంచి 10
* ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్: సున్నా. వీటిలో అయనీకరణ కిరణాలు ఉండవు.

ఏ పరీక్షా చేయించుకోకపోయినా నేల, గాలి, ఆహారం, అంతరిక్షం నుంచి ప్రతి మనిషికీ ఏటా సగటున 2.4 నుంచి 3 మిల్లీసీవర్ట్‌ల సహజ రేడియేషన్ అందుతూనే ఉంటుంది. భీమునిపట్నం తీరంలోని ఇసుకలో ఉండే మోనజైట్ ఖనిజంలో సైతం రేడియోధార్మిక థోరియం ఉంది. ఒక ఛాతీ ఎక్స్‌రే కొన్ని రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. పొట్ట సీటీ స్కాన్ దాదాపు మూడేళ్ల సహజ రేడియేషన్‌తో సమానం.

దీని ముప్పు ఎంత? అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 10 మిల్లీసీవర్ట్‌ల మోతాదు 2,000 మందికి అందితే వారిలో సుమారు ఒకరికి అదనంగా ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చని అంచనా. మన దేశంలో రేడియేషన్‌తో సంబంధం లేకుండానే ప్రతి తొమ్మిది మందిలో ఒకరు జీవితకాలంలో క్యాన్సర్ బారిన పడే అవకాశముంది. అంటే అదే 2,000 మందిలో 220 మంది. తలలో రక్తస్రావం జరిగిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు స్కాన్ వద్దనడం అవివేకం. అవసరం లేకుండా ఏడాదిలో నాలుగైదుసార్లు తీయించుకోవడం కూడా అంతే. పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతాయి, వారి ముందు ఎక్కువ జీవితకాలం ఉంటుంది. కనుక వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

తెరపై కనిపించే ఆ అంకె

సీటీ స్కాన్ పూర్తయ్యాక యంత్రం తెరపై ‘డీఎల్‌పీ’ అనే అంకె కనిపిస్తుంది. మోతాదును, స్కాన్ తీసిన శరీర భాగం పొడవును గుణించి వచ్చే విలువ ఇది. పెద్దవారి పొట్ట స్కాన్‌లో ఈ అంకెను 0.015తో, ఛాతీకి 0.014తో, తలకు 0.0021తో గుణిస్తే మిల్లీసీవర్ట్‌లు తెలుస్తాయి. ఉదాహరణకు పొట్ట స్కాన్‌లో డీఎల్‌పీ 500 అయితే మోతాదు 7.5 మిల్లీసీవర్ట్‌లు. ఈ అంకెను నివేదికపై రాసివ్వమని రోగి కోరవచ్చు. పాత ఫిల్ములు, నివేదికలు భద్రపరచుకొని వైద్యుడికి చూపిస్తే అదే స్కాన్‌ను మళ్లీ తీయాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.

కొలిచే సాధనాలివే

గాలి నిండిన చిన్న గదిలాంటి పరికరం అయనీకరణ చాంబర్. కిరణాలు దూరితే గాలి విద్యుదావేశాన్ని పొందుతుంది. ఒక్కో అయాన్ జంటకు సగటున 34 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి కనుక, పోగైన విద్యుత్తును కొలిస్తే శక్తి ఎంతో కచ్చితంగా తెలుస్తుంది. చికిత్స యంత్రాల మోతాదును నిర్ధారించేది ఇదే. గీగర్-ముల్లర్ గొట్టం మోతాదు కన్నా ఉనికిని పసిగట్టడంలో దిట్ట. నేలపైనో, దుస్తులపైనో రేడియోధార్మిక పదార్థం ఒలికిందా లేదా అన్నది దీనితో ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ రేడియేషన్ కొలత పరికరాలు తయారు చేస్తోంది.

ఎక్స్‌రే సిబ్బంది ఛాతీపై ధరించే బిళ్ల టీఎల్‌డీ బ్యాడ్జీ. అందులో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు ఉంటాయి. రేడియేషన్ సోకినప్పుడు అవి ఆ శక్తిని తమలో దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ప్రయోగశాలలో వాటిని వేడిచేస్తే దాచుకున్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. వెలుగు ఎంత ఎక్కువైతే సోకిన మోతాదు అంత ఎక్కువ.

ఈ బ్యాడ్జీని సీసపు ఆప్రాన్ లోపల, ఛాతీ ఎత్తున ధరించాలి. డ్యూటీ అయ్యాక ఎక్స్‌రే గదిలోనే వదిలేస్తే సోకని మోతాదు నమోదవుతుంది. బీరువాలో పెట్టి పనిచేస్తే సోకిన మోతాదు నమోదు కాదు. రెండింటివల్లా నష్టపోయేది ఆ ఉద్యోగే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 దాటరాదు. సాధారణ ప్రజలకు పరిమితి ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్. రోగికి మాత్రం పరిమితి లేదు. పరీక్ష నిజంగా అవసరమా, అవసరమైతే ఎంత తక్కువ మోతాదుతో పని జరుగుతుందన్న రెండు ప్రశ్నలే అక్కడ ప్రమాణం.

చికిత్సలో తప్పు లెక్క ఖరీదు

క్యాన్సర్ చికిత్సలో లక్ష్యం వేరు. అక్కడ కణాలను చంపడమే పని. తల, మెడ క్యాన్సర్లకు రోజుకు 2 గ్రేల చొప్పున ఆరేడు వారాల్లో 60 నుంచి 70 గ్రేలు ఇస్తారు. ఇంత మోతాదు కణితి ఉన్న చోటుకే పరిమితం కనుక రోగి తట్టుకోగలడు. రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వడంలోనూ మర్మముంది. ఆరోగ్యకరమైన కణాలు మరుసటి రోజుకల్లా చాలావరకు కోలుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంతగా కోలుకోలేవు. పంట కోతలనో, పండుగనో మధ్యలో వారం రోజులు మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. ఈ రకం క్యాన్సర్లలో చికిత్స పొడిగిన ఒక్కో రోజుకు వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం వంతున తగ్గుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి.

యంత్రం ఇచ్చే మోతాదును వైద్య భౌతికశాస్త్ర నిపుణులు నీటి తొట్టెలో అయనీకరణ చాంబర్‌ను ఉంచి కొలుస్తారు. మనిషి దేహంలో అధిక భాగం నీరే కనుక నీటిలో కొలత దేహానికి దగ్గరగా ఉంటుంది. ఈ కొలత తప్పితే ఏమవుతుందో చెప్పే ఘటన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగింది. అక్కడి ఓ ఆసుపత్రిలో కోబాల్ట్-60 యంత్రం ఉండేది. కోబాల్ట్ శక్తి 5.27 ఏళ్లలో సగమవుతుంది. అంటే నెలకు ఒక శాతానికి కాస్త పైగా తగ్గుతుంది. ఆ మేరకు చికిత్స సమయం పెంచుతూ పోవాలి. ఈ తగ్గుదలను కాగితంపై తప్పుగా గీసి, యంత్రాన్ని మాత్రం నెలల తరబడి కొలవకుండా వదిలేశారు. 1974 నుంచి 1976 వరకు 426 మంది రోగులకు ఎక్కువ మోతాదు అందింది. ఎక్కువ అందినట్లు యంత్రం చెప్పదు, రోగికి ఆ క్షణాన తెలియదు. ఒక్క కొలత చేసి ఉంటే బయటపడేది.

మన దేశంలోనూ 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌లో ఇలాంటి చేదు అనుభవం ఎదురైంది. ఓ విశ్వవిద్యాలయ ప్రయోగశాల వేలం వేసిన పాత పరికరంలో కోబాల్ట్-60 ఉండిపోయింది. అదేమిటో తెలియని కార్మికులు దాన్ని విప్పారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. చర్మం నల్లబడి, జుట్టు రాలి, వాంతులు మొదలయ్యే వరకు ఎవరికీ అనుమానం రాలేదు. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉన్న వస్తువు తుక్కులో కనిపిస్తే తాకకుండా దూరంగా జరిగి అధికారులకు తెలపడం ప్రతి ఒక్కరి బాధ్యత.

ఇవి గుర్తుంచుకోండి

* ఎక్స్‌రే తీశాక ఒంట్లో రేడియేషన్ మిగలదు. యంత్రం ఆపగానే గదిలోనూ ఉండదు. దీపం ఆర్పితే వెలుగు పోయినట్లే.
* అయోడిన్-131 వంటి రేడియోధార్మిక మందు తీసుకున్నవారి విషయం వేరు. దాని శక్తి సగం కావడానికి 8 రోజులు పడుతుంది. వైద్యులు చెప్పినన్ని రోజులు పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి.
* గర్భం దాల్చినా, అనుమానం ఉన్నా పరీక్షకు ముందే సిబ్బందికి చెప్పాలి.
* రోగికి తోడుగా గదిలోకి వెళ్లవద్దు. పసిబిడ్డను పట్టుకోవాల్సి వస్తే సీసపు ఆప్రాన్ అడిగి ధరించాలి. మీటరు దూరంలో ఉన్నవారు రెండు మీటర్లకు జరిగితే సోకే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది.
* ఎక్స్‌రే, సీటీ కేంద్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు తప్పనిసరి. ఉందో లేదో అడగడానికి సంకోచించవద్దు.
* ఈ పరీక్ష ఫలితంతో చికిత్స మారుతుందా? రేడియేషన్ లేని పరీక్షతో సరిపోతుందా? పాత స్కాన్ పనికొస్తుందా? ఈ మూడు ప్రశ్నలు వైద్యుడిని అడగాలి. చికిత్స మొదలైతే మాత్రం ఒక్క రోజు కూడా మానవద్దు.

రేడియేషన్ తన రాకను చాటదు. బిళ్లపై, తెరపై, నివేదికపై నమోదయ్యే అంకె మాత్రమే దాని జాడ చెబుతుంది. ఆ అంకెను నమోదు చేయడం సిబ్బంది విధి. అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.